కుక్క, పిల్లి దవాఖాన ఖర్చుకు ఏడాది లెక్క ఎలా వేసుకోవాలి

మా జాకీకి ఏటా సూదులు వేయించాల్సిన నెల అక్టోబరు. అక్టోబరంటే మనకు తెలిసిందే కదా: బతుకమ్మ, దసరా, ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు, ఆడబిడ్డల రాకపోకలు. ఆ నెలలో కుక్క సూదికి పన్నెండు వందలు తీయమంటే మా ఇంట్లో ఎవరికీ మనసు రాదు. అట్లా వరుసగా మూడేళ్లు అక్టోబరు సూది డిసెంబరుకు జారింది, గోమార్ల (పిడుదుల) మందు అసలే మరిచిపోయాం. నాలుగో ఏడు వానాకాలంలో జాకీ మూడు రోజులు తిండి ముట్టలేదు, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. గోమార్ల జ్వరం అన్నారు. రక్త పరీక్షలు, సెలైన్లు, మందులు కలిపి పది రోజుల్లో తొమ్మిది వేలు అయ్యాయి. అదే డబ్బుతో ఏడాది పాటు గోమార్ల మందు వేయించి ఉంటే ఇంకా మిగిలేది.

అప్పుడు కూర్చుని లెక్క వేస్తే అర్థమైంది ఏమిటంటే, ఈ ఖర్చు మనం మోయలేనిదేమీ కాదు. కాకపోతే మన చేతిలో పైసలు లేని నెలలో వచ్చి పడుతుంది. అందుకే కింద చెప్పే పద్ధతిలో రేట్ల కంటే నెలల గురించే ఎక్కువ ఉంటుంది. ఒక పాత క్యాలెండర్, ఒక పెన్ను, ఒక గంట టైం ఉంటే చాలు.

ముందు తూకం వేయండి

డబ్బు లెక్కకు తూకంతో ఏం పని అనుకోవద్దు. నట్టల మందు, గోమార్ల మందు రెండూ కిలోల లెక్కనే ఇస్తారు. కుక్కలకు దొరికే నట్టల గోలీలు చాలావరకు పది కిలోలకు ఒకటి. గోమార్లకు నెలకోసారి తినిపించే నెక్స్‌గార్డ్ లాంటి గోలీలు 2 నుంచి 4 కిలోలకు ఒక ప్యాకెట్, 4 నుంచి 10కి ఒకటి, 10 నుంచి 25కి ఒకటి, 25 నుంచి 50కి ఒకటిగా వస్తాయి. మీ కుక్క 24 కిలోలుంటే ఒక రేటు, 26 కిలోలుంటే ఇంకో రేటు. మా బావ వాళ్ల లాబ్రడార్‌కు రెండేళ్లు అంచనా మీదనే మందు వేశారు. 'ముప్పై కిలోలుంటది' అనుకున్నది తీరా తూకం వేస్తే 36. అంటే రెండేళ్లూ నట్టల మందు తక్కువే పడింది.

ఇంట్లో మనుషుల తూకం మిషన్ ఉంటే కుక్కను ఎత్తుకుని నిలబడండి, తర్వాత ఒంటరిగా నిలబడండి, రెండింటి తేడా కుక్క బరువు. చిన్న పిల్లయితే గంపలో పెట్టి కిరాణా దుకాణం కాంటా మీద వేయించుకోవచ్చు, షావుకారు నవ్వుతాడు కానీ కాదనడు. ఎత్తుకోలేనంత పెద్దదైతే దవాఖానకు పోయినప్పుడు అడిగి మరీ తూకం వేయించండి. పిల్ల పెరిగే వయసులో నెలకోసారి, పెద్దదయ్యాక ఏడాదికి రెండుసార్లు చాలు. బరువు, తేదీ క్యాలెండర్ మొదటి పేజీ మీద రాయండి.

కార్డు వెతకండి, లేకపోతే రాయించుకోండి

టీకా కార్డు లేని కుక్కకు డబుల్ ఖర్చు. కొత్త డాక్టర్ దగ్గరకు పోతే ఆయనకు మీ మాట తప్ప ఆధారం లేదు, కాబట్టి 'మొదటి నుంచి వేద్దాం' అంటారు. ఆయన తప్పేం లేదు. టీకా వేసిన ప్రతిసారీ సీసా మీది స్టిక్కర్ పీకి కార్డు మీద అతికించమనండి. అందులో కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. తేదీ, సంతకం, ముద్ర కూడా ఉండాలి. ఇంటికి రాగానే ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో వాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేయండి. మా కార్డు ఒకసారి అటక మీద ఎలుకలు కొట్టేశాయి, ఫొటోనే కాపాడింది.

కార్డు ఇంకోచోట కూడా పనికొస్తుంది. కాజీపేటలో కుక్కను రైలెక్కించాలంటే డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, ఆ కాగితం రాసే ముందు డాక్టర్ అడిగేది ఈ కార్డే.

ఏమేం కావాలో, ఎప్పుడెప్పుడు కావాలో రాయండి

క్యాలెండర్ మీద రాయాల్సినవి నాలుగే రకాలు: టీకాలు, నట్టల మందు, గోమార్ల మందు, ఒకసారి చేయించే ఆపరేషన్. అయిదోది పరీక్షలు, అవి వయసు మళ్లిన వాటికి.

కుక్కపిల్లకు 'నైన్ ఇన్ వన్' లేదా 'సెవెన్ ఇన్ వన్' అని పిలిచే కలగలుపు టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతుంది. అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయాలి, అంటే సాధారణంగా మూడు సూదులు. 'మొన్ననే వేశారు కదా, మళ్లీ ఎందుకు' అని చాలామంది రెండోదానితో ఆపేస్తారు. తల్లిపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకా పనిని అడ్డుకుంటుంది, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే పదహారు వారాల దగ్గర వేసే చివరి సూదే అన్నింటికన్నా ముఖ్యమైనది. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక జబ్బులు కుక్కపిల్లలను పట్టేది సరిగ్గా ఈ సందులోనే. వాంతులు, రక్త విరేచనాలతో దవాఖానలో పడ్డ పిల్లకు అయ్యే ఖర్చు ముందు మూడు సూదుల ఖర్చు ఏ మూలకూ రాదు. అంత పెట్టినా పిల్ల బతుకుతుందన్న నమ్మకం లేదు.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక మొదటిది, తర్వాత డాక్టర్ చెప్పిన టైముకు బూస్టర్, ఆపైన ఏటా.

నట్టల మందు పుట్టిన రెండు వారాల నుంచి పన్నెండు వారాల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. పెద్ద కుక్కకు నాలుగు తేదీలు గుర్తుంటే చాలు. మేం ఉగాది, మృగశిర కార్తె, బతుకమ్మ మొదలు, సంక్రాంతి అని పెట్టుకున్నాం. తేదీలైతే ఎవరికీ గుర్తుండవు, పండుగలైతే మా అమ్మే గుర్తుచేస్తుంది. మధ్యలో నెల అటూఇటూ అవుతుంది, ఫరవాలేదు. మీ ఇంట్లో చిన్నపిల్లలు కుక్కతో నేల మీద దొర్లుతుంటే ఈ నాలుగింటిలో ఒకటి కూడా తప్పకూడదు, కుక్క కడుపులోని నట్టల్లో కొన్ని పిల్లలకూ వస్తాయి.

గోమార్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన లెక్కను తలకిందులు చేసేది ఇదే. మన దగ్గర కుక్కల మీద ఎక్కువగా కనబడే గోధుమరంగు గోమారి చలికాలం వస్తే పోయే రకం కాదు. కుక్క మీద రక్తం తాగి, దిగి, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. అంటే గోమార్లు ఉండేది కుక్క ఒంటి మీద కన్నా మీ ఇంట్లోనే ఎక్కువ. వానలు మొదలైతే పెరుగుతాయి కానీ ఏడాదంతా ఉంటాయి. కాబట్టి 'జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేస్తే చాలదా' అని లెక్క తగ్గించుకుంటే మాకు అయినట్టే అవుతుంది.

ఫోన్ చేసి రేట్లు కనుక్కోండి

నేను కింద రాసే రేట్లు మా ఇంటి డైరీలోవి. మీ దగ్గర తక్కువో ఎక్కువో ఉంటాయి, కంపెనీని బట్టి కూడా మారుతాయి. కాబట్టి మీ లెక్కలో మీ రేట్లే రాయండి. కనీసం మూడు చోట్ల అడగండి: దగ్గర్లోని ప్రైవేటు క్లినిక్, సర్కారు పశువుల దవాఖాన, పశువుల మందుల షాపు. వరంగల్ వాళ్లకు ఇంకో దారి మామునూరులోని వెటర్నరీ కాలేజీ, జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్లకు కోరుట్ల కాలేజీ. రెండూ పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే. పోయే ముందు ఏ రోజుల్లో, ఏ టైములో కుక్కల్ని, పిల్లుల్ని చూస్తారో కనుక్కుని పోండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే బండి ముఖ్యంగా ఆవులు, బర్రెలు, గొర్రెలు, మేకల కోసం ఉన్నది. కుక్క టీకాకు దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు.

ఫోన్‌లో 'సార్, కుక్క సూది ఎంత?' అని అడిగితే సరిగ్గా తెలియదు. ఇట్లా అడగండి: 'సార్, నైన్ ఇన్ వన్ ఏ కంపెనీది ఉంది, ఎంత? కన్సల్టేషన్ అందులో కలిసిందా, వేరేనా? రేబిస్ అదే రోజు వేస్తారా? కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ ఉందా?' చివరి ప్రశ్న అడగడానికి మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలం మన దగ్గర కరెంటు పోతే గది ఎట్లా కాలుతుందో తెలుసు. చెడిపోయిన టీకా వేయించుకుంటే డబ్బూ పోతుంది, వేయించామన్న ధీమాతో జాగ్రత్తా పోతుంది.

సర్కారు దవాఖానలో కలగలుపు టీకా స్టాక్ ఉండకపోవచ్చు. చీటీ రాసిస్తే బయట కొనుక్కుని తెచ్చి వేయించుకోవాలి. అప్పుడు ఫ్లాస్క్‌లో ఐస్ ముక్కలు వేసి, సీసాను గుడ్డలో చుట్టి పెట్టండి. సీసా నేరుగా ఐస్‌కు తగిలి గడ్డకట్టినా టీకా పాడవుతుంది.

ఇప్పుడు లెక్క

మా జాకీ నాటు కుక్క, 16 కిలోలు, అయిదేళ్లు. ఏడాది లెక్క ఇట్లా వస్తుంది.

కలగలుపు టీకా 900 రూపాయలు. రేబిస్ 300. కన్సల్టేషన్ 300 చొప్పున రెండుసార్లు, 600. నట్టల గోలీలు ఒకసారికి రెండు, ఒక్కోటి 80, నాలుగుసార్లకు 640. ఇక్కడికి మొత్తం 2,440.

ఇక గోమార్లు. మెడ వెనక పోసే చుక్కల మందు నెలకు 350 చొప్పున పన్నెండు నెలలకు 4,200. అప్పుడు ఏడాది మొత్తం 6,640, అంటే నెలకు 550 పైచిలుకు. చుక్కల మందు బదులు నెలకు 800 రూపాయల గోలీ వేస్తే అదొక్కటే 9,600. మొత్తం 12,040, నెలకు వెయ్యి దాటుతుంది.

చూశారా, టీకాలు రెండూ కలిపి 1,200. మనం బేరమాడేది, వాయిదా వేసేది వాటినే. సగానికి పైగా పైసలు పోయేది గోమార్ల దగ్గర, అదేమో ఎవరి లెక్కలోనూ ఉండదు. మీ రేట్లతో వేసినా దాదాపు ఇదే తేలుతుందని నా అంచనా.

అందుకని గోమార్ల మందు ఏది తీసుకోవాలనేది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి. వారానికోసారి స్నానం చేయించే కుక్కకు, చెరువులో దూకే కుక్కకు చుక్కల మందు అంత బాగా పనిచేయదు, గోలీయే మేలు. బ్రావెక్టో లాంటివి ఒక గోలీ పన్నెండు వారాలు పనిచేస్తాయి. రేటు చూసి గుండె ఝల్లుమంటుంది కానీ మూడుతో భాగించి చూడండి. మూర్ఛలు వచ్చే కుక్కయితే ఈ గోలీల విషయం డాక్టర్‌కు ముందే చెప్పాలి. పెద్ద కుక్క గోలీ కొని రెండు చిన్న కుక్కలకు విరిచి పెట్టే తెలివితేటలు మనలో చాలామందికి ఉన్నాయి. చెయ్యొద్దు, సగం ముక్కలో సగం మందే ఉంటుందని లేదు.

పెద్దగా ఖర్చు లేకుండా తగ్గించుకునే పని ఒకటుంది. కుక్క పడుకునే చోట గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, గోనెసంచి పరుపు తీసేసి ఉతికే గుడ్డ వేయండి, దాన్ని వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పశువుల కొట్టం పక్కనే కుక్కను కట్టేస్తుంటే చోటు మార్చండి.

కొత్తగా పిల్లను తెచ్చుకునే వాళ్లకు మొదటి ఏడాది లెక్క వేరు. మా రేట్లతోనే చూస్తే కలగలుపు టీకా మూడు సూదులు 2,700, రేబిస్ రెండు 600, నాలుగు సార్లు కన్సల్టేషన్ 1,200, నట్టల మందు ఒక 500. అంటే అయిదు వేలు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు నెలల్లోనే. దాని మీద ఆపరేషన్, గోమార్ల మందు. ఎవరో పిల్లను 'ఫ్రీగా ఇస్తాం' అంటే ఈ అయిదు వేలు పక్కన ఉన్నాయా అని చూసుకుని సరే అనండి.

ఆపరేషన్ డబ్బును వేరుగా పెట్టండి

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒక్కసారి ఖర్చు, ఏడాది లెక్కలో కలిపితే భయపెడుతుంది. మాకు ఆడకుక్కకు ఆరు వేలు చెప్పారు. మగదానికి తక్కువ ఉంటుంది. మందులు, కుట్లు విప్పడం, మెడకు కట్టే గరాటు పట్టీ అందులో ఉన్నాయా అని ముందే అడగండి.

'ఇంట్లోనే కట్టేసి ఉంటది, దానికెందుకు ఆపరేషన్' అనే మాట మా అత్తమ్మ కూడా అన్నది. పిల్లల సంగతి అటుంచితే, ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంటుంది. అప్పుడు కూడా చేయాల్సింది దాదాపు అదే ఆపరేషన్. కాకపోతే జ్వరంతో, అర్ధరాత్రి, ముసలి వయసులో, ఎన్నో రెట్ల ఖర్చుతో.

పిల్లను తెచ్చుకున్న నెల నుంచే నెలకు వెయ్యి పక్కన పెడితే ఆరు నెలల వయసు దాటేసరికి చాలావరకు డబ్బు తయారవుతుంది. పెద్ద జాతి కుక్కలకు ఇంకొంచెం ఆగి చేయమని డాక్టర్లు చెప్తారు, అది ఇంకా నయం.

పిల్లుల లెక్క వేరే

పిల్లికి ట్రైక్యాట్ అనే కలగలుపు టీకా ఎనిమిది, తొమ్మిది వారాల వయసులో ఒకటి, మూడు నాలుగు వారాలకు ఇంకొకటి. పదహారు వారాలు నిండాక మూడోది కూడా కావాలా అని డాక్టర్‌ను అడగండి. రేబిస్ మూడు నెలలు నిండాక. పిల్లి మూడు నాలుగు కిలోలే ఉంటుంది కాబట్టి నట్టల మందు ఖర్చు చిన్నది. గుమ్మం దాటని పిల్లికి గోమార్ల మందు అవసరం కూడా తక్కువ. అయితే మా పిల్లి బుజ్జి దగ్గర మేం లెక్కలో మరిచింది ఆటో కిరాయి. పిల్లిని చేతుల్లో పట్టుకుని బస్సెక్కలేం. ఆటో హారన్‌కు బెదిరి మా ఆవిడ భుజం మీదుగా దూకి అరగంట పరుగులు పెట్టించింది. అప్పటి నుంచి రెండు కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, తాడుతో కట్టి తీసుకుపోతున్నాం. గుడ్డ లోపల వేసి, ట్రేలను పోయే ముందు వారం రోజులు ఇంట్లోనే తెరిచి పెడితే అదే వచ్చి పడుకుంటుంది.

ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టవచ్చు, ఆపైన రెండు నెలల్లో ఈనుతుంది. అందుకే ఆపరేషన్ డబ్బు కుక్క కన్నా ముందే తయారుగా ఉండాలి. పండుగ బోనస్ వచ్చాక చూద్దాం అంటే బోనస్ వచ్చేసరికి ఇంట్లో అయిదు పిల్లులుంటాయి.

ఖర్చు తగ్గుతుందని కుక్క మందును పిల్లికి వాడటం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. కుక్కల చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. జ్వరం ఉందని మనం వేసుకునే పారాసెటమాల్ సగం గోలీ పెట్టినా పిల్లి చనిపోవచ్చు. ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉంటే, కుక్కకు ఏ చుక్కల మందు కొన్నా 'ఇంట్లో పిల్లి ఉంది సార్' అని చెప్పి కొనండి.

తేదీలను మీ చేతికి పైసలొచ్చే నెలకు తెచ్చుకోండి

నేను మొదట చెప్పిన నెల సంగతి ఇది. ఏటా వేసే టీకాను ఆలస్యం చేయకూడదు గానీ ముందే వేయించుకోవడానికి అడ్డేమీ లేదు. మేం ఒక ఏడు అక్టోబరు సూదిని అయిదు నెలలు ముందుకు తెచ్చి మే మొదటి వారంలో వేయించేశాం. డాక్టర్‌గారిని అడిగితే ఇబ్బందేం లేదన్నారు. ఒక్క ఏడు కొంచెం ముందు డబ్బు పెట్టాల్సి వచ్చింది, ఆ తర్వాత నుంచి మే నెలే మా నెల. జూన్‌లో స్కూలు ఫీజుల టెన్షన్ మొదలయ్యే లోపే పని అయిపోతుంది.

మే నెలలో ఇంకో లాభం కూడా ఉంది. కలగలుపు టీకాలో లెప్టోస్పైరోసిస్‌కు కూడా మందు ఉంటుంది. అది ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జబ్బు, కుక్క నుంచి మనుషులకూ రావచ్చు. పెద్ద వాన పడితే హనుమకొండలో నయీంనగర్ నాలా ఎట్లా పొంగుతుందో చూసిన వాళ్లకు, ఆ నీళ్లు దేంట్లోంచి వస్తాయో చెప్పనక్కర్లేదు. వానలకు ముందే సూది పడితే వానలొచ్చేసరికి ఒంట్లో రక్షణ తయారుగా ఉంటుంది.

రైతులకు మే కుదరకపోవచ్చు. అప్పుడే విత్తనాలకు, ఎరువులకు అప్పులు వెతుక్కునే కాలం. పత్తి అమ్ముకునే వాళ్లకు డిసెంబరు, జనవరి, మిర్చి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలే వాళ్లకు మార్చి మేలు. మార్కెట్‌కు వచ్చిన రోజే ఏడాదికి సరిపడా నట్టల గోలీలు, ఆర్నెల్ల గోమార్ల మందు ఎక్స్‌పైరీ చూసి కొని పెట్టుకోండి. టీకా మాత్రం ఊళ్లో కొని పెట్టుకునేది కాదు, వేయించే రోజే కొనాలి.

రేబిస్‌ను ఇంకో తేదీకి కట్టేయొచ్చు. జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల గురించి చెప్పే రోజు. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజు చాలా పశువుల దవాఖానల్లో పెంపుడు కుక్కలకు, పిల్లులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. జూన్ చివర్లోనే దవాఖానకు పోయి ఈసారి ఏ రోజు, ఎక్కడ అని కనుక్కుని ఉంచండి. పొద్దున్నే పోండి, కుక్కలన్నీ ఒకచోట చేరితే లైను తొందరగా కదలదు. మూతికి పట్టీ లేదా గుడ్డ కట్టండి. ఉచితమైనా కార్డు మీద రాయించుకోవడం మాత్రం మరిచిపోవద్దు. మీ వీధిలో అందరూ అన్నం పెట్టే వీధి కుక్క ఉంటే దాన్ని కూడా తోలుకుపోవచ్చేమో అడగండి, మా గల్లీలో నాలుగిళ్ల వాళ్లం కలిసి ఒకదానికి అట్లాగే వేయిస్తున్నాం.

ఇంటి కుక్కే కదా, టీకా పడింది కదా అని అది కరిచినా గీరినా వదిలేయకండి. వెంటనే పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వరంగల్ ఎంజీఎం దవాఖాన కానీ దగ్గర్లోని సర్కారు దవాఖాన కానీ పోండి. మనుషులకు ఆ సూదులు అక్కడ ఉచితం.

ఎక్కడ తగ్గించుకోవచ్చు

ఒకసారి ఒకచోట జాకీకి 900 రూపాయల టీకా వేయించి బిల్లు చూస్తే 2,250 ఉంది. కాల్షియం టానిక్, లివర్ టానిక్, షాంపూ అందులో చేరాయి. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అప్పటి నుంచి కౌంటర్ దగ్గర ఒకే మాట అంటాను: 'సార్, ఇందులో తప్పనిసరివి ఏవో వాటికి టిక్ పెట్టండి, మిగతావి వచ్చే నెల చూసుకుంటాను.' మంచి డాక్టర్ ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు.

సరైన తిండి తింటున్న ఆరోగ్యమైన కుక్కకు కాల్షియం టానిక్ అక్కర్లేదు, పెద్ద జాతి పిల్లలకు ఎక్కువైతే ఎముకలకు చెడుపు కూడా. కుక్కల కరోనా టీకా అని వేరేగా చెప్తే వద్దనొచ్చు, ప్రపంచ స్మాల్ యానిమల్ వెటర్నరీ అసోసియేషన్ కూడా దాన్ని వేయమనడం లేదు. కెన్నెల్ కాఫ్ (కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు) టీకా కుక్కను హాస్టల్లో వదిలే వాళ్లకు, షోలకు తిప్పే వాళ్లకు. అదే అసోసియేషన్ పెద్ద కుక్కలకు పార్వో, డిస్టెంపర్ టీకాలు మూడేళ్లకోసారి చాలంటుంది, కానీ లెప్టో మాత్రం ఏటా కావాలి. మన దగ్గర అన్నీ ఒకే సీసాలో కలిపి వస్తాయి కాబట్టి డాక్టర్లు ఏటా వేస్తున్నారు. లెప్టో ఒక్కటే విడిగా దొరుకుతుందా అని మీ డాక్టర్‌ను అడిగి చూడండి, దొరికితే రెండేళ్లు కొంత మిగులుతుంది.

పళ్లు తోమడం ఇంట్లోనే అలవాటు చేస్తే మత్తిచ్చి పళ్లు శుభ్రం చేయించే పెద్ద ఖర్చు కొన్నేళ్లు వెనక్కి పోతుంది. మనుషుల పేస్టు వాడొద్దు. ఏడేళ్లు దాటాక ఏడాదికోసారి రక్త పరీక్ష లెక్కలో కలపండి.

పైసలు ఎక్కడ పెట్టాలి

ఇంట్లో డబ్బాలో పెడితే కూరగాయలకు పోతాయి, మా అనుభవం అది. బ్యాంకులో నెలనెలా కొంత కట్టే పన్నెండు నెలల ఆర్‌డీ కట్టండి. మీ ఏడాది లెక్కలో నెలనెలా కొనే గోమార్ల మందు తీసేసి మిగిలినదాన్ని పన్నెండుతో భాగించండి. మాకు 2,440 అయితే నెలకు 200 పైన కొంచెం. నెలకు 250 కడితే మేలో మూడు వేలు చేతికొస్తాయి. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, ఈ పనికి కుదరదు. సంఘంలో పొదుపు చేసే అక్కలు అందులోనే ఇంకో వంద కలుపుకుంటే సరి. చిట్టీ వేసి కుక్క సూదికి ఎత్తుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దు. మన వరంగల్లో చిట్టీల మోసాల సంగతి మీకు తెలియనిదేముంది.

జబ్బు చేస్తే వాడే డబ్బు దీంట్లో కలపకండి. అది వేరే. ఒక అయిదారు వేలు ముట్టకుండా ఉంచగలిగితే రాత్రిపూట వాంతులు మొదలైనా ఫోన్లు చేసి అప్పు అడగాల్సిన అవసరం రాదు. పెట్ ఇన్సూరెన్స్ తీసుకునే ఉద్దేశం ఉంటే పాలసీ కాగితం చదవండి. టీకాలు, నట్టల మందు లాంటి మామూలు ఖర్చులు వాటిలో మామూలుగా రావు, అవి జబ్బులకు, ప్రమాదాలకు.

ఈ వారమే చేసేయండి

ఆదివారం కుక్కను తూకం వేయండి. సోమవారం మూడు చోట్ల ఫోన్ చేసి రేట్లు రాసుకోండి, పొద్దున పదింటికి కాకుండా మధ్యాహ్నం చేస్తే రద్దీ తగ్గి తీరిగ్గా చెప్తారు. కార్డు చూసి కిందటి టీకా తేదీ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టండి. అది దాటిపోయి ఉంటే ఆర్‌డీ నిండేదాకా ఆగకుండా ఈ నెలే వేయించేసి, వచ్చే ఏటి నుంచి మీకు అనుకూలమైన నెలకు జరుపుకోండి. పిల్లిని తూకం వేయడానికి మాత్రం సంచిలో వేయకండి. మేం వేశాం, బుజ్జి రెండు రోజులు ఇంటి మొహం చూడలేదు.